ముగ్గురాయి పొడి, సీసం కోటు, మధ్యలో నానో

మన డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ప్రతి ఏడాదీ ప్రాజెక్టుల లిస్టు అంటిస్తారు కదా. అందులో కనీసం రెండు మూడు టైటిళ్లు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: ఫలానా నానో పదార్థం సింథసిస్, క్యారెక్టరైజేషన్, దాని ఆప్టికల్, షీల్డింగ్ ధర్మాలు. 'ఫలానా' ఉన్న చోట ఒక ఏడాది జింక్ ఆక్సైడ్ వస్తుంది, ఇంకో ఏడాది బిస్మత్ ఆక్సైడ్, మరో ఏడాది బేరియంతో ఏదో ఒకటి. ఆప్టికల్ అంటే వెలుతురుతో వ్యవహారం. షీల్డింగ్ అంటే ఎక్స్‌రే, గామా కిరణాలకు అడ్డం నిలబడడం. ఈ రెండిటినీ ఒకే టైటిల్‌లో పక్కపక్కన కూర్చోబెట్టేసరికి, నానో చేస్తే రెండూ ఒకేలా బాగుపడతాయేమో అనిపిస్తుంది. నిజంగా అంతేనా? ఈ వ్యాసం దాని గురించే.

మాది రొద్దం. మా పెద్దనాయన కొడుకు హిందూపురంలో ఎక్స్‌రే టెక్నీషియన్. రోజూ సీసం కోటు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుని సాయంత్రానికి భుజాలు పట్టేసుకుంటాయి. నేను నానో మీద ప్రాజెక్టు తీసుకున్నానని తెలిసి, "ఏమబ్బీ, నీ పొడి ఏదో కలిపి ఈ కోటు బరువు సగానికి తగ్గించేకి అయితాదా, లేదా?" అని అడిగాడు. లెక్క వేసి చెప్తానన్నా అన్నాను. వేశాను. మీరూ పెన్ను తీసుకోండి, పెద్ద లెక్కేం కాదు.

ఈ కోట్లు మామూలుగా 0.25 మిల్లీమీటర్ల సీసానికి గానీ, 0.5 మిల్లీమీటర్ల సీసానికి గానీ సమానమని చెప్పి అమ్ముతారు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.35 గ్రాములు. అర మిల్లీమీటరు మందం అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద 0.57 గ్రాములు, చదరపు మీటరుకు దాదాపు 5.7 కిలోలు. రబ్బరు, గుడ్డ, పట్టీలు అదనం. కాబట్టి కోటు బరువు కుట్టేవాళ్ల తప్పు కాదు. కిరణాన్ని ఆపడానికి దాని దారిలో ఇన్ని గ్రాముల పదార్థం ఉండి తీరాలి. ఆ గ్రాముల సంఖ్యను ఎవరు తగ్గిస్తే వాళ్లే కోటు బరువు తగ్గించినట్టు.

గ్రాముకు ఎంత ఆపగలదు అనే కొలతనే మాస్ అటెన్యుయేషన్ కోఎఫిషియంట్ అంటారు. అమెరికాలోని నిస్ట్ సంస్థ అన్ని మూలకాలకూ దీని పట్టికలు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 60 కేఈవీ, అంటే 60 వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎనర్జీ దగ్గర సీసానికి ఈ విలువ గ్రాముకు సుమారు 5 చదరపు సెంటీమీటర్లు. దీన్ని 0.57తో గుణిస్తే 2.85 వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో ఈ పవర్ మైనస్ 2.85 కొట్టండి. 0.058. అంటే వంద ఫోటాన్లు కోటు మీద పడితే ఆరు దాటుతాయి, 94 ఆగిపోతాయి. బాగుంది కదా.

ఇప్పుడు అదే కోటును సీజియం-137 ముందు పెడదాం. దాని గామా కిరణం ఎనర్జీ 662 కేఈవీ. అక్కడ సీసం విలువ 5 కాదు, 0.11. మళ్లీ గుణించండి, మళ్లీ అదే బటన్ నొక్కండి. 0.94. ఈసారి వందలో 94 దాటిపోతాయి, ఆరు ఆగుతాయి! కోటు అదే, మనిషి అదే, అంకెలు తిరగబడ్డాయి. అందుకే ఏ పేపర్‌లోనైనా "మంచి షీల్డింగ్ పదార్థం" అని కనిపిస్తే నేను వెంటనే వెతికేది ఒక్కటే: ఏ ఎనర్జీ దగ్గర? ఆ మాట లేకపోతే మిగతాది చదవక్కర్లేదని నా అభిప్రాయం.

662 దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ నీళ్ల విలువ 0.086, కాంక్రీటుది 0.077 దగ్గర. సీసం 0.11. చూశారా, గ్రాముకు గ్రాము పోలిస్తే అన్నీ ఇంచుమించు ఒకే ఊరివాళ్లే. ఆ ఎనర్జీల్లో కిరణం ఎక్కువగా కాంప్టన్ పద్ధతిలో ఎలక్ట్రాన్లను గుద్దుకుని చెదిరిపోతుంది. గ్రాముకు ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయన్నదే అక్కడ ముఖ్యం, అది మూలకం మారినా పెద్దగా మారదు. సీసం అక్కడ గెలిచేది ఎక్కువగా తక్కువ చోటులో ఎక్కువ బరువు ఇమిడిపోవడం వల్ల. మోసే మనిషికి దాంతో ఒరిగేది ఏమీ లేదు.

హాస్పిటల్ ఎక్స్‌రే కథ వేరు. మిషను 70, 80 కిలోవోల్టుల మీద నడిచినా, వచ్చే కిరణాల సగటు ఎనర్జీ అందులో సగం, ఇంకాస్త. ఆ మెట్టు మీద ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్టుదే రాజ్యం. పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఫోటాన్‌ను మొత్తంగా మింగేసి బయటికి దూకుతుంది. అయితే అది దూకాలంటే ఫోటాన్ ఎనర్జీ ఆ కక్ష్య బంధాన్ని మించాలి. అన్నిటికన్నా లోపలి కక్ష్య దగ్గరి ఆ గడపను కే-ఎడ్జ్ అంటారు. సీసానికి ఆ గడప 88 కేఈవీ. అంటే 88 లోపల సీసం తన లోపలి గదిలోని ఎలక్ట్రాన్లను వాడుకోలేదు, బయటి గదులవాళ్లతోనే నెట్టుకొస్తుంది. బేరియం గడప 37.4 మాత్రమే. 40 నుంచి 80 దాకా బేరియం లోపలివాళ్లతో సహా పని చేస్తుంటే, సీసం సగం బలగంతో పని చేస్తోందన్నమాట. 60 దగ్గర బేరియం విలువ సుమారు 8.5, సీసానికి 5.

బేరియం లోహం నీళ్లు తగిలితే ఊరుకోదు, కోటులో పెట్టుకోలేం. దాన్ని బుద్ధిగా కూర్చోబెట్టే రూపం బేరియం సల్ఫేట్. అది మన రాయలసీమలో గుట్టలకు గుట్టలు ఉంది. పాత కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి అదే. పేపర్లో బెరైటీస్ అని రాస్తారు, ఊళ్లో ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అదొకటి. దానిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేటప్పుడు పోసే బురదలో బరువు కోసం వెళ్లిపోతుంది. కాస్త ఎక్స్‌రే గదుల గోడలకు వేసే ప్లాస్టరులోకీ, బరువైన కాంక్రీటులోకీ వెళ్తుంది. కడుపు ఎక్స్‌రేకు ముందు రోగి చేత తాగించే తెల్లటి 'బేరియం మీల్' కూడా శుద్ధి చేసిన ఇదే పదార్థం. నీళ్లలో గానీ కడుపులోని ఆమ్లంలో గానీ కరగదు కాబట్టి విషం కాదు.

బేరియం సల్ఫేట్ బరువులో బేరియం 59 శాతం. 8.5ను 0.59తో గుణించి, సల్ఫేట్ భాగం వల్ల వచ్చే కొంచెం కలిపితే 5.1 దాకా వస్తుంది. సీసం 5.0! ఇది 60 దగ్గర పొరపాటున కలిసిన లెక్కేమో అని 40, 80 దగ్గర కూడా వేసి చూశాను. 40 దగ్గర రెండూ 14కు పైన, 80 దగ్గర రెండూ 2.4 చుట్టూ. అంటే ఈ మొత్తం పరిధిలో గ్రాముకు గ్రాము మన ముగ్గురాయి సీసానికి దీటుగా నిలుస్తుంది. 100కి పోతే మాత్రం సీసం తన గడప దాటేసి 5.5కి ఎగురుతుంది, ముగ్గురాయి 1.4 దగ్గర ఆగిపోతుంది. 37 కిందకు దిగితే అక్కడా సీసమే పైచేయి.

దీన్ని బట్టి మా అన్నకు చెప్పాల్సిన జవాబులో సగం తేలిపోయింది. సీసం తీసేసి ముగ్గురాయి పెడితే విషపు లోహం పోతుంది, పాతబడి చిరిగిన కోటును పారేయడం సులువవుతుంది. బరువు తగ్గదు. పైగా మందం పెరుగుతుంది. అర మిల్లీమీటరు సీసానికి బదులు సాంద్రత 4.5 ఉన్న బేరియం సల్ఫేట్ అయితే మిల్లీమీటరు పావు కావాలి, అది కూడా గాలి, రబ్బరు లేని గట్టి రాయి అయితే. బరువులో సగం రబ్బరు కలిపితే ఆరు మిల్లీమీటర్లు అవుతుంది. దాన్ని కోటు అనలేం, పరుపు అనాలి.

మరి నానో చేస్తే?

ముందు వెలుతురు వైపు చూద్దాం, ఎందుకంటే నానోకు పేరొచ్చింది అక్కడే. బంగారం పసుపు. దాన్ని పది ఇరవై నానోమీటర్ల రేణువులుగా నీళ్లలో కలిపితే ఎరుపు. 1857లో ఫారడే ఈ ఎర్ర ద్రావణాలు చేసి, రంగుకు కారణం బంగారం సూక్ష్మంగా ముక్కలవడమే అని చెప్పాడు. మన ధర్మవరం చీరల్లోనూ ఒక వైపు నుంచి ఒక రంగు, ఇంకో వైపు నుంచి ఇంకో రంగు కనిపించేవి ఉంటాయి. కానీ దాని రహస్యం పడుగుకు ఒక రంగు, పేకకు ఇంకో రంగు వాడడం. అక్కడ రెండు అద్దకాలు ఉన్నాయి. ఎర్ర బంగారంలో అద్దకమే లేదు, సైజు ఒక్కటే మారింది. కనిపించే వెలుతురు తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. రేణువు దానికంటే చిన్నదైతే వెలుతురు దాన్ని వేరే రకంగా పలకరిస్తుంది. అర్ధవాహకాల్లో అయితే ఎలక్ట్రాన్ తిరిగే గదే ఇరుకైపోయి బ్యాండ్ గ్యాప్ పెరుగుతుంది. ఈ మార్పులన్నీ పరమాణువు బయటి ఎలక్ట్రాన్లకు సంబంధించినవి.

ఎక్స్‌రే తలుపు తట్టేది లోపలి కక్ష్యలను. బేరియం లోపలి ఎలక్ట్రాన్‌కు తాను రాయిలో ఉన్నానో, పొడిలో ఉన్నానో, నానో రేణువులో ఉన్నానో తెలియదు. దాని గడప 37.4 గానే ఉంటుంది. కాబట్టి నానో చేసినంత మాత్రాన గ్రాముకు ఆపే శక్తి పెరగదు. ఇదే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట.

"కానీ నానో పొడి కలిపిన రబ్బరు, మామూలు పొడి కలిపిన రబ్బరు కంటే బాగా ఆపిందని పేపర్లున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. అక్కడ జరిగేది ఏంటో చూడండి. రేణువులు పెద్దవైతే మధ్యలో సందులు ఉంటాయి, కిరణం సందులోంచి జారిపోతుంది. వానలో పెద్ద బండలు నాలుగు పేర్చిన కప్పుకూ, చిన్న పెంకులు వేసిన కప్పుకూ ఉన్న తేడా. ఎంత పెద్దవైతే ఈ ఇబ్బంది వస్తుంది? దానికీ లెక్కుంది. 60 కేఈవీ ఫోటాన్ బేరియం సల్ఫేట్‌లో ఆగేలోపు సగటున 0.43 మిల్లీమీటర్లు, అంటే 430 మైక్రాన్లు పోతుంది. రేణువు దానికి దరిదాపుల్లో ఉంటేనే సందుల సమస్య. బజారులో దొరికే మెత్తటి బేరియం సల్ఫేట్ పొడి కొన్ని మైక్రాన్లే. 5 మైక్రాన్ల నుంచి 50 నానోమీటర్లకు దిగినా, 430 ముందు రెండూ దుమ్మే. ఇక మిగిలే లాభం పొడి రబ్బరులో ముద్దలు కట్టకుండా సమానంగా పరుచుకోవడం వల్ల వచ్చేది. అది నానో గొప్పా, కలిపినవాడి ఓపికా అంటే నేను ఓపికకే ఓటేస్తాను.

షీల్డింగ్ అనే మాటతో ఇంకో తికమక ఉంది, ఇక్కడే తీర్చేస్తాను. ఫోన్ సిగ్నళ్లను అడ్డుకోవడాన్ని కూడా షీల్డింగే అంటారు. దానికి కావల్సింది బరువు కాదు, కరెంటు పారే దారి. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి రేకు చుట్టి బంగారు పూత పూసింది. ధర్మవరం చీర కొంగులో ఆ జరీ ఒకే దిక్కున పేకగా పోతుంది. థియరీ ప్రకారం జరీకి సమాంతరంగా ఊగే రేడియో తరంగాన్ని అది వెనక్కి కొట్టాలి, అడ్డంగా ఊగేదాన్ని వదిలేయాలి. కార్బన్ నానోట్యూబుల్లాంటివి ఇక్కడ నిజంగా పనికొస్తాయి. సన్నగా పొడుగ్గా ఉండి, ప్లాస్టిక్‌లో కొంచెం కలిపినా ఒకదానికొకటి తగిలి కరెంటుకు దారి వేస్తాయి. కానీ అదే ప్లాస్టిక్‌ను ఎక్స్‌రే ముందు పెడితే కిరణం నవ్వుకుంటూ వెళ్లిపోతుంది. రెండు షీల్డింగులనూ ఒకే పేరాలో కలిపేసిన రిపోర్టులు చూశాను, చదవడం కష్టం.

ఇక తయారీ. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో సల్ఫేట్ టెస్టు గుర్తుందా? బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తే తెల్లటి అవక్షేపం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరగదు, రికార్డులో రాసేసి బెల్లు కొట్టగానే పరుగు. ఆ తెలుపు బేరియం సల్ఫేటే. మనమందరం తెలియకుండానే సన్నటి రేణువులు చేసి సింకులో పోసినవాళ్లం. సైజు మన చేతిలో ఉండాలంటే రెండు పనులు చేయాలి. ద్రావణాలను గబగబా, బాగా తిప్పుతూ కలిపితే ఒకేసారి లెక్కలేనన్ని మొలకలు పుడతాయి, సరుకు అందరికీ పంచాల్సి వచ్చి ఎవరూ పెద్దగా ఎదగరు. ఆ పుట్టినవి ఒకదానికొకటి అతుక్కోకుండా సిట్రేట్ లాంటిది పైన తొడుగుగా వేయాలి. బేరియం క్లోరైడ్ మాత్రం కరిగే ఉప్పు, విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

ఆక్సైడ్లకు ఇంకో దారి ఉంది, అది మన పక్కనే పుట్టింది. 1988లో బెంగళూరు ఐఐఎస్సీలో కె.సి. పాటిల్ బృందం అల్యూమినియం నైట్రేట్, యూరియా కలిపిన ద్రావణాన్ని 500 డిగ్రీల కొలిమిలో పెట్టింది. అది మరిగి, నురుగై, భగ్గుమని అంటుకుని, వెయ్యి డిగ్రీలు ఎప్పుడో దాటే మంటతో నిమిషాల్లో ఉబ్బిన తెల్లటి అల్యూమినాగా మిగిలింది. దీన్నే సొల్యూషన్ కంబషన్ అంటారు. నైట్రేట్ ఆక్సిజన్ ఇస్తుంది, యూరియా పొయ్యిలో కట్టె. కొలిమి అగ్గిపుల్ల పని మాత్రమే చేస్తుంది. మనకు దగ్గరే ఉన్న కోలారులో, వీధుల్లో తెలుగు బాగా వినిపించే ఊరది, ప్రభుత్వ మహిళా కళాశాల నుంచి హెచ్.సి. మంజునాథ, ఆయనతో కలిసి పనిచేసిన అధ్యాపకులు ఈ పద్ధతిలో రకరకాల నానో పదార్థాలు చేసి, వాటి ఆప్టికల్ ధర్మాలూ, ఎక్స్‌రే, గామా షీల్డింగూ కొలిచి చాలా పేపర్లు వేశారు. యూరియాకు బదులు మొక్కల రసాలు వాడిన ప్రయోగాలూ ఉన్నాయి. ఇలాంటి పనికి కలబంద గుజ్జు కూడా ఇంధనమే. ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీ నుంచి ఇంత పని రావడం నాకు ఐఐటీ పేపర్ల కంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

చేసిన పొడి ఏమిటో చెప్పేది క్యారెక్టరైజేషన్. ఎక్స్‌ఆర్‌డీలో పీక్‌లు ఎక్కడ వచ్చాయో చూస్తే ఏ స్ఫటికమో తెలుస్తుంది, ఎంత లావుగా వచ్చాయో చూస్తే స్ఫటికం ఎంత చిన్నదో తెలుస్తుంది. షెర్రర్ సూత్రం: తరంగదైర్ఘ్యాన్ని 0.9తో గుణించి, పీక్ వెడల్పునూ కాస్ తీటానూ గుణించిన విలువతో భాగించాలి. ఉదాహరణకు, రాగి కిరణం 0.154 నానోమీటర్లు, పీక్ 28.8 డిగ్రీల దగ్గర, వెడల్పు 0.4 డిగ్రీలు అనుకోండి. 0.4ను రేడియన్లలోకి మార్చి 0.007 అని వేయండి, తీటా 14.4 అని సగం చేయండి. 20 నానోమీటర్లు వస్తుంది. ఇది స్ఫటికం సైజు. పది స్ఫటికాలు అతుక్కున్న ముద్ద సైజు కాదు. ముద్ద చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. ఈ రెండు సైజులనూ ఒకటే అనుకుని రాసే రిపోర్టులకు లెక్కే లేదు.

ఆప్టికల్ కొలత దగ్గర బేరియం సల్ఫేట్‌కు ఒక విచిత్రమైన హోదా ఉంది. యూవీ-విజిబుల్ మిషన్‌లో పొడుల నుంచి వెనక్కి వచ్చే వెలుతురు కొలిచేటప్పుడు "తెలుపు అంటే ఇదీ" అని మిషనుకు చూపించే ప్రమాణం బేరియం సల్ఫేటే. దాని బ్యాండ్ గ్యాప్ చాలా పెద్దది, కనిపించే రంగుల్లో దేన్నీ మింగదు. వెలుతురును అంతగా వదిలేసే పదార్థం, ఎక్స్‌రేకు గోడ!

నానో అసలు అవసరం నాకు కనిపించింది ఇక్కడే. ముగ్గురాయి పొడి తెల్లగా కనిపించేది వెలుతురును మింగడం వల్ల కాదు, అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్ల. రేణువు వెలుతురు తరంగం కంటే బాగా చిన్నదైతే, అదే బరువు పొడికి చెదరడం సైజు ఘనంతో పాటు పడిపోతుంది. 80 నానోమీటర్ల నుంచి 40కి దిగితే ఎనిమిదో వంతు. పైగా దాని వక్రీభవన గుణకం 1.64, ఎపాక్సీలది 1.55 దగ్గర, పెద్ద తేడా లేదు. ముద్దలు కట్టకుండా కలపగలిగితే ఆ పలక గాజులా కనిపించాలి, ఎక్స్‌రేకు మాత్రం పొడి ఎంతుంటే అంత అడ్డం నిలవాలి. సీసం గాజు పెట్టే ముఖం తొడుగులకూ, కంట్రోల్ గది కిటికీలకూ ఇది పనికొస్తుంది. ఇక్కడ నానో వెలుతురు పని చేస్తుంది, బేరియం ఎక్స్‌రే పని చేస్తుంది. ఆ టైటిల్‌లోని రెండు మాటలూ ఒకే చోట నిజంగా కలుసుకునేది నాకు తెలిసి ఇలాంటి వస్తువులోనే. అందుకే నా ప్రాజెక్టు కోటు నుంచి పలకకు మారింది.

కోటు విషయానికొస్తే, సీసం లేని కోట్లు బజారులో ఇప్పటికే ఉన్నాయి. తగరం, యాంటిమనీ, టంగ్‌స్టన్, బిస్మత్ లాంటివి కలిపి చేస్తారు. 60 దగ్గర తగరం గ్రాముకు 6.5 ఆపుతుంది కాబట్టి బరువు కొంత తగ్గుతుంది, సగం కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. తగరం గానీ బేరియం గానీ ఎక్స్‌రేను మింగాక ఊరికే ఉండవు, తమ సొంత ఎక్స్‌రేను కొంచెం కక్కుతాయి. బేరియంది 32 నుంచి 37 కేఈవీ మధ్య ఉంటుంది. అది ఒంటి వైపు వస్తే చర్మానికి తగులుతుంది. అందుకని రెండు పొరలుగా కుట్టే పద్ధతి వచ్చింది. తేలిక మూలకం మిషను వైపు, బిస్మత్ లాంటి బరువు మూలకం ఒంటి వైపు. బయటి పొర కక్కిన దాన్ని లోపలి పొర పట్టేస్తుంది. అలాంటి కోటును తిరగేసి వేసుకుంటే బరువు గ్రాము కూడా మారదు, చర్మానికి అందే డోసు మాత్రం పెరుగుతుంది.